రాత్రికి తిరిగొచ్చేంత దూరం

ముస్లిం స్త్రీ గురించి రాయాల్సి వచ్చినప్పుడల్లా మన పత్రికలకు మూడు మాటలే గుర్తుకొస్తాయి. తలాక్, బురఖా, నాలుగు పెళ్లిళ్లు. తలాక్ అయిన మర్నాడు పిల్లలు ఎవరి వెంట నడిచారన్న సంగతి షరియత్‌ను కాపాడతామనే వాళ్లకూ పట్టదు, ఉమ్మడి పౌరస్మృతి తెస్తామనే వాళ్లకూ పట్టదు. ఆమె పుట్టిల్లు వేరే రాష్ట్రంలో ఉంటే? బిడ్డను చంకనేసుకుని బస్సెక్కితే అది పుట్టింటికి పోవడమా, తండ్రి దగ్గర్నుంచి బిడ్డను ఎత్తుకుపోవడమా? ఈ తగాదా కొత్తదేమీ కాదు. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల నాటిది.

ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో ఒక ఉదంతం ఉంది. హజ్రత్ ఉమర్ ఒక అన్సారీ స్త్రీని పెళ్లాడారు. ఆసిం అనే కొడుకు పుట్టాక విడిపోయారు. ఒకరోజు మదీనా శివారులోని ఖుబాకు వెళితే, మసీదు ముంగిట ఆడుకుంటున్న కొడుకు కనబడ్డాడు. చెయ్యిపట్టి తన సవారీ మీద ఎక్కించుకున్నారు. అంతలో పిల్లవాడి నానీ వచ్చి అడ్డుపడింది. నా బిడ్డంటే నా బిడ్డని ఇద్దరూ ఖలీఫా అబూబకర్ దగ్గరికి పోయారు. పిల్లవాణ్ని ఆమెకు వదిలిపెట్టమన్నారు అబూబకర్. ఉమర్ మారు మాట్లాడలేదు. ఆ ఉమరే తర్వాతి ఖలీఫా. అంతటి మనిషిని ఒక ముసలమ్మ నడిదారిలో నిలదీసింది, గెలిచింది. ఉమర్ న్యాయదృష్టి గురించి వేదికల మీద గంటలకొద్దీ చెప్పే మన వక్తలు ఈ కథను ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

బిడ్డను పెంచే ఈ హక్కునే ఫిఖా గ్రంథాలు హిజానత్ అన్నాయి. మనలో ఎక్కువమంది పాటించే హనఫీ మార్గంలో మగపిల్లవాడు ఏడేళ్లదాకా, ఆడపిల్ల ఈడేరేదాకా తల్లి దగ్గరే ఉండాలి. తల్లి లేకపోతే నానీ, ఆ తర్వాతే దాదీ. తల్లి బిడ్డకు పరాయివాడైన మనిషిని మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం ఆ హక్కు పోతుంది. తండ్రి ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నా అతని హక్కుకు ఢోకా లేదు. ఇది అన్యాయమే. ఆ మాట మనమే అనాలి, బయటివాళ్లు అనేదాకా ఆగనక్కర్లేదు.

తల్లి వేరే ఊరు పోతానంటే? పన్నెండో శతాబ్దంలో ఫర్గానా ప్రాంతపు పండితుడు బుర్హానుద్దీన్ మర్గీనానీ రాసిన 'హిదాయా' దీని గురించి తీరిగ్గా చర్చించింది. విడాకులు పొందిన తల్లి బిడ్డను తీసుకుని ఇష్టమొచ్చిన చోటికి పోకూడదు. అయితే తన సొంత ఊరికి పోవచ్చు, నికా అక్కడే జరిగి ఉంటే. పెళ్లి ఏ ఊళ్లో చేసుకున్నాడో ఆ ఊళ్లో తన బిడ్డ పెరగడానికి మగవాడు ముందే ఒప్పుకున్నట్టు లెక్క అన్నమాట. మనలో నికా ఎక్కువగా పెళ్లికూతురి ఊళ్లోనే జరుగుతుంది (ఖర్చూ వాళ్లదే అనుకోండి). అంటే ఈ ఒక్క షరతుతో మన ఆడవాళ్లలో చాలామందికి పుట్టింటి దారి తెరిచే ఉంది.

రెండో వెసులుబాటు ఇంకా ముచ్చటైనది. రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతుండాలి? తండ్రి పోయి బిడ్డను చూసుకుని, రాత్రికి తన ఇంటికొచ్చి పడుకోగలిగినంత. ఆ లోపలైతే తల్లి ఎక్కడైనా ఉండొచ్చు. రాజ్యాల సరిహద్దు కాదు కొలత, తండ్రి ప్రయాణం కొలత. పల్లె నుంచి పట్నానికి తీసుకుపోవచ్చు గానీ పట్నం నుంచి పల్లెకు కూడదన్నాడు, పిల్లవాడికి పల్లెటూరి మోటుతనం అబ్బుతుందట. అది ఆ కాలపు పట్నం పండితుల గర్వం, నవ్వుకుని వదిలేద్దాం. హనఫీ పండితులు తండ్రికీ ముకుతాడు వేశారు. హిజానత్ నడుస్తున్నంతకాలం తల్లి ఉన్న ఊరు దాటించి బిడ్డను తీసుకుపోయే హక్కు అతనికి లేదు.

చార్లెస్ హామిల్టన్ 'హిదాయా'ను ఫార్సీ మీదుగా ఇంగ్లీషులోకి తెచ్చింది 1791లో. అప్పటికి ఇంగ్లండులోనే విడిపోయిన తల్లికి బిడ్డ మీద చట్టపరమైన హక్కు లేదు. రచయిత్రి కారొలైన్ నార్టన్ పోరాటంతో 1839లో మొదటి చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు బిడ్డ కోసం తల్లి కోర్టుకు పోవచ్చునంది. ఆమె భర్త ఏం చేశాడు? పిల్లల్ని స్కాట్లండులో ఉంచాడు. ఇంగ్లీషు చట్టం అక్కడ చెల్లదు!

ఆ ఇంగ్లీషువాళ్లే మనకు 1890లో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇచ్చారు. అది అన్ని మతాలకూ వర్తిస్తుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడి జిల్లా కోర్టులో అర్జీ వేసుకోవాలి. కోర్టు నియమించిన సంరక్షకులు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించకూడదు. అంటే రాత్రికి తిరిగొచ్చే దూరం పోయి జిల్లా హద్దు వచ్చింది. 1918లో ఇమాంబందీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తరఫున సయ్యద్ అమీర్ అలీ తీర్పు చెప్పారు. తల్లికున్నది బిడ్డను దగ్గర పెట్టుకునే హక్కే, సహజ సంరక్షకుడు తండ్రేనని. ఆ కేసు నిజానికి పిల్లల ఆస్తిని తల్లి అమ్మడం గురించి. కానీ ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఖుబా నానీ ఎక్కలేదు. హిందూ చట్టమూ తక్కువేం తినలేదు. 1956లో తండ్రినే ముందు నిలబెట్టింది, 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు కొంత సర్దింది.

ఇక మన నేలకు వద్దాం. తుంగభద్రకు అటు అలంపురం, ఇటు కర్నూలు. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొచ్చే దూరం. 1948 దాకా అటువైపు నిజాం రాజ్యం, ఇటువైపు మద్రాసు. 1890 చట్టం బ్రిటిష్ ఇండియాది, ఏరు దాటితే దానంతట అది చెల్లదు. 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి, 2014లో మళ్లీ రెండయ్యాయి. 2019 జనవరి 1న హైకోర్టులూ వేరయ్యాయి. ఇప్పుడు అలంపురం అల్లుడు అటువైపు వేసిన కేసును కర్నూలుకు మార్చమని కోరాలంటే ఆ తల్లి ఢిల్లీలో సుప్రీంకోర్టు గడప తొక్కాలి. ఏరు కదల్లేదు, పుట్టిల్లు కదల్లేదు.

అసలామె పుట్టింటికి ఎందుకు పోతుంది? అద్దె కట్టలేక. 1986 చట్టం మాజీ భర్త బిడ్డ పోషణకిచ్చేది పుట్టిన నాటి నుంచి రెండేళ్లేనంది. పిల్లల హక్కు అక్కడితో ఆగదని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో చెప్పాల్సి వచ్చింది. ముమ్మారు తలాక్‌ను నేరం చేసిన 2019 చట్టం బిడ్డలు తల్లి దగ్గరుండాలంది, అదెలాగో మేజిస్ట్రేటు తేల్చాలంది. ఆమె వాళ్లతో ఏ ఊళ్లో ఉండొచ్చో ఒక్క ముక్క చెప్పలేదు.

దుబాయిలోనో జెద్దాలోనో పనిచేస్తూ రెండేళ్లకోసారి వచ్చే తండ్రి చట్టం దృష్టిలో సహజ సంరక్షకుడే. ఆ దూరాన్ని ఎవరూ కొలవరు. బిడ్డతో ఏరు దాటిన తల్లి మాత్రం బిడ్డను దూరం చేసినదవుతుంది. మొహల్లా పెద్దలు పంచాయితీకి కూర్చుంటే మెహర్ ఎంత, జహేజ్‌లో ఏమేం వచ్చాయి అని నికానామా తెరిచి లెక్క చూస్తారు. నికా ఏ ఊళ్లో జరిగిందో కూడా ఆ కాగితం మీదే ఉంటుంది.