గురుత్వ తరంగ శోధకాలు: నేల రొదపై పోరు

అమెరికాలోని లైగో శోధకాలు 2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగాలను తొలిసారి నమోదు చేశాయి. 4 కిలోమీటర్ల భుజాల్లో ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు కంటే స్వల్పమైన మార్పును అవి కొలవగలవు. అయితే 10 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యం వద్ద సముద్రపు అలలు, గాలి, వాహనాల వల్ల కలిగే నేల కంపనాలు సంకేతాలను కప్పివేస్తాయి.

ఈ రొదను తగ్గించేందుకు 40 కిలోల అద్దాన్ని నాలుగు అంచెల లోలకంలో సన్నని సిలికా పోగులతో వేలాడదీస్తారు. అంచె దిగేకొద్దీ కంపనం క్షీణిస్తుంది. అంతకుముందే నేల కదలికను పసిగట్టే పరికరాలు ఎదురు కదలికతో వేదికను నిలకడగా ఉంచుతాయి.

న్యూటోనియన్ రొద మరింత జటిలమైనది. నేల కంపించినప్పుడు మట్టి, రాళ్ల సాంద్రత మారి, వాటి ఆకర్షణే అద్దాన్ని నేరుగా లాగుతుంది. గురుత్వానికి అడ్డుతెర లేదు. కాబట్టి భూకంపమాపకాల సమూహంతో ఆ ప్రభావాన్ని అంచనా వేసి, కొలతల నుంచి తీసివేసే పద్ధతిపై పరిశోధనలు సాగుతున్నాయి. కంపనాలు తక్కువగా ఉండే భూగర్భంలో జపాన్ తన కాగ్రా శోధకాన్ని నిర్మించింది.

ఈ రొద తగ్గితే మరింత భారీ కృష్ణబిలాల కలయికలను గుర్తించవచ్చు. న్యూట్రాన్ తారలు ఢీకొనే ముందే దూరదర్శినులకు హెచ్చరిక అందించవచ్చు. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో ఏర్పాటయ్యే లైగో-ఇండియాకూ ఇదే సవాలు.