చేతులు ముందు వెళ్లిపోయాయి

2001 ఏప్రిల్‌లో టెక్సస్ కచేరీల్లో ఉండగా అమెరికా పల్లె సంగీతకారుడు జాన్ హార్ట్‌ఫర్డ్‌కి చేతులు మాట వినడం మానేశాయి. అప్పటిదాకా అవి చెప్పింది చెప్పినట్టు చేసిన చేతులు. ఐదు తీగల బ్యాంజో మీద చినుకుల్లా స్వరాలు కురిపించాయి. ఫిడేలు మీద కమాను లాగాయి. గిటారు మీటాయి, మాండలిన్ పలికించాయి, ఆవిరి పడవ చుక్కాని చక్రం తిప్పాయి. వేదిక దిగాక కూర్చుని చిన్న చిన్న అట్టముక్కల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాశాయి.

ఒకే వాద్యాన్ని నమ్ముకున్నవాడికి ఆ దారి మూసుకుపోతే ఇంకో దారి ఉండదనిపిస్తుంది. ఈయనకి ఎన్ని దారులో! ఆ దారులన్నీ కలిసేది మాత్రం మణికట్టు దగ్గరే. ఈయన గురించి ఎప్పుడు తలుచుకున్నా నా ఆలోచన అక్కడికే వచ్చి ఆగుతుంది.

హార్ట్‌ఫర్డ్ పుట్టింది 1937 డిసెంబరు 30న న్యూయార్క్‌లో. తండ్రి డాక్టరు. పెరిగిందంతా మిసిసిపి ఒడ్డున ఉన్న సెయింట్ లూయిస్ ఊళ్లో. అక్కడ బడిలో రూత్ ఫెర్రిస్ అనే టీచరమ్మ ఉండేది. ఆమెకి ఆవిరి పడవలంటే ప్రాణం. 1947లో ‘గోల్డెన్ ఈగిల్’ అనే పడవ మునిగిపోతే, దాని పైలట్ గదిని దక్కించి బడి ఆవరణలో పెట్టించింది. చుక్కాని దగ్గర నిలబడి నదిని చూసే గది అది. పిల్లవాడు రోజూ బడికెళ్లి అలాంటి గదిని చూస్తూ పెరిగితే వాడికి నది ఎలా వదులుతుంది? ఈయన్ని చివరిదాకా వదల్లేదు.

రెండో పిచ్చి ఎర్ల్ స్క్రగ్స్. మొదటిసారి స్క్రగ్స్ బ్యాంజో విన్న రోజే తన బతుకు మారిపోయిందని హార్ట్‌ఫర్డ్ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మనవైపు బెంజో అంటే మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్. ఇది వేరు. డప్పుకి పొడుగాటి మెడ తగిలించి తీగలు బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికా మనుషులతో అమెరికా చేరిన వాద్యం ఇది. ఐదో తీగ మిగతా వాటికన్నా పొట్టిది, మెడ మధ్యలోనే మొదలవుతుంది. స్క్రగ్స్ పద్ధతిలో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడింటికీ తొడుగులు వేసుకుని, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా మీటుతూ పోతారు. వేళ్లు మూడే అయినా వినేవాడికి పది వేళ్లు వాయిస్తున్నట్టుంటుంది. ఆ మూడు వేళ్లలో ఒక్కటి రెప్పపాటు ఆలస్యమైనా మాల తెగిపోతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో కావాలి.

పదమూడేళ్లకే ఆయనకి ఫిడేలూ బ్యాంజో రెండూ పట్టుబడ్డాయి. రేడియోలో పాటలు వేసే ఉద్యోగాలు చేసి, 1965లో నాష్‌విల్ చేరాడు. అసలు ఇంటిపేరు హార్‌ఫర్డ్. మధ్యలో ‘ట్’ చేర్చుకోమని సలహా ఇచ్చింది గిటారు విద్వాంసుడు చెట్ అట్కిన్స్. ఆ తర్వాత ఒక రాత్రి ‘డాక్టర్ జివాగో’ సినిమా చూసొచ్చి, అరగంటలో ఒక పాట రాశాడు: ‘జెంటిల్ ఆన్ మై మైండ్’. 1967లో ఆయన పాడిన రికార్డు వచ్చింది. అది గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ చెవిన పడింది, ఆయనా పాడాడు. 1968లో, సంగీతానికిచ్చే గ్రామీ బహుమతుల్లో, ఆ ఒక్క పాటకి నాలుగు బహుమతులొచ్చాయి, రెండు క్యాంప్‌బెల్‌కి, రెండు హార్ట్‌ఫర్డ్‌కి. ఆ తర్వాత ఎల్విస్ ప్రెస్లీ పాడాడు, సినాట్రా పాడాడు, అరేథా ఫ్రాంక్లిన్ పాడింది. గడిచిన శతాబ్దంలో అమెరికా రేడియోల్లో అతి ఎక్కువగా మోగిన పాటల్లో అదొకటి. ఆ అరగంట ఆయన్ని జీవితాంతం పోషించింది.

వెంటనే హాలీవుడ్ పిలిచింది. టీవీలో స్మదర్స్ బ్రదర్స్ హాస్య కార్యక్రమానికి రాశాడు, నటించాడు. గ్లెన్ క్యాంప్‌బెల్ కార్యక్రమంలో అయితే ప్రేక్షకుల మధ్య కూర్చున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడి బ్యాంజో అందుకునేవాడు. ఆ మనిషి ఈయనే. అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మొహం అయిపోయాడు. డిటెక్టివ్ సీరియల్లో కథానాయకుడి వేషం కూడా ఎదురొచ్చింది.

వద్దన్నాడు. నాష్‌విల్ తిరిగొచ్చి బ్యాంజో ముందు కూర్చున్నాడు.

ఆ వేషం వదులుకున్న రోజునుంచే ఆయన పతనం మొదలైందని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. డబ్బు లెక్కన అది నిజమూ కావచ్చు. నేను ఒప్పుకోను. ఆయన పెద్ద పనులన్నీ ఆ తర్వాతే చేశాడు.

1971లో ‘ఏరియో-ప్లెయిన్’ వచ్చింది. గిటారు, మాండలిన్ నార్మన్ బ్లేక్, ఫిడేలు వాసర్ క్లెమెంట్స్, డోబ్రో అనే ఒకరకం గిటారు టట్ టేలర్, నడుమ హార్ట్‌ఫర్డ్. ముసలివాళ్లు వాయించే పాత బాణీల ఒడుపూ, అప్పటి జులపాల కుర్రాళ్ల స్వేచ్ఛా ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకున్నట్టుంటుంది ఆ రికార్డు. అప్పుడది పెద్దగా అమ్ముడుపోలేదు. దాన్ని ఎలా అమ్మాలో రికార్డు కంపెనీకి తెలియలేదు. ఇంకో రికార్డు చేసి, నన్ను వదిలెయ్యండని అడిగి బయటికొచ్చాడు. ‘ఏరియో-ప్లెయిన్’ లేకపోతే తాము వాయించిన కొత్త తరహా బ్లూగ్రాస్ (బ్యాంజో, ఫిడేలు, మాండలిన్ కలిసి మోగే పల్లె సంగీతం) పుట్టేదే కాదని ఆ తర్వాతి తరంలో మాండలిన్‌కి పేరుమోసిన సామ్ బుష్ చెప్పాడు. ఒక రికార్డుకి అంతకన్నా ఏం కావాలి? 

అప్పటినుంచి చాలాకాలం ఒక్కడే తిరిగాడు. వెంట ఒక ప్లైవుడ్ పలక. దాన్ని వేదిక మీద పరిచి, చప్పుడు మైకులోకి వచ్చేట్టు అమర్చుకుని, బూట్లతో దాని మీద నాట్యమాడుతూ ఫిడేలు వాయించేవాడు, ఆ వాయింపు మీద పాడేవాడు. నెత్తిన గుండ్రటి టోపీ, ఒంటి మీద వెయిస్ట్‌కోటు. బుర్రకథ చూసిన కళ్లకి ఈ మనిషి కొత్తగా అనిపించడు. భుజాన తంబుర, వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలు కట్టుకుని ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ పాటా తాళం ఆటా తనే అయిన కథకుడు మనకి తెలుసు కదా. హార్ట్‌ఫర్డ్ పాదం పలక మీద ఒకసారి మెత్తగా జారేది, ఒకసారి మడమతో ఠక్కున కొట్టేది. ఒక చరణంలో ఇసుక మీద నడిచినట్టు, ఇంకో చరణంలో తలుపు తట్టినట్టు ఉండేది. 1976లో అలాగే, పక్కవాద్యం లేకుండా, ఒకదాని మీద ఒకటి అతికించకుండా, ఒంటరిగా ‘మార్క్ ట్వాంగ్’ రికార్డు చేశాడు. మార్క్ ట్వైన్ అంటే నది లోతు కొలిచేవాడు రెండు బారలుందని అరిచే కేక. ఆ పేరు పెట్టుకున్న రచయిత కూడా మిసిసిపి మీద పడవ నడిపినవాడే. ఈయన రికార్డు నిండా నదే. దానికి మళ్లీ గ్రామీ వచ్చింది.

వేసవుల్లో ‘జూలియా బెల్ స్వైన్’ అనే ఆవిరి పడవని నడిపేవాడు. సరదాకి కాదు, పైలట్ లైసెన్సు సంపాదించుకునే. నాష్‌విల్ పక్కన మాడిసన్‌లో కంబర్లాండ్ నది ఒడ్డున, వచ్చే పోయే పడవలు కనబడేట్టు ఇల్లు పెట్టుకున్నాడు.

1980ల్లో జబ్బు బయటపడింది. నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫు కణాల్లో మొదలయ్యే క్యాన్సర్. తగ్గినట్టే తగ్గడం, మళ్లీ రావడం. దానితో కాపురం చేస్తూనే, ఆ ఏళ్లలో ఆయన పెట్టుకున్న పని చూస్తే నాకు నోట మాట రాదు. ఎడ్ హేలీ అనే గుడ్డి ఫిడేలు వాద్యకారుడు ఉండేవాడు. వెస్ట్ వర్జీనియాలో పుట్టి, చిన్నప్పుడే తట్టు వచ్చి చూపు పోగొట్టుకుని, కోర్టుల ముందూ వీధుల్లోనూ వాయించి బతికి, 1951లో పోయాడు. మిగిలినవల్లా ఇంట్లో చేసుకున్న గరగర శబ్దాల రికార్డులు కొన్ని. హార్ట్‌ఫర్డ్ ఆ గరగరలోకి చెవి పెట్టి కూర్చున్నాడు. కమాను ఎక్కడ పైకెళ్లింది, ఎక్కడ కిందికొచ్చింది, ఎన్ని స్వరాలు ఒక్క లాగుడులో పలికాయి అని ఏళ్ల తరబడి విన్నాడు. కొండల్లో ఊరూరూ తిరిగి బంధువుల్నీ తెలిసినవాళ్లనీ వెతికి పట్టుకుని అడిగాడు. యాభై దాటాక, అంత పేరున్నవాడు, ఒక చనిపోయిన గుడ్డివాడి దగ్గర శిష్యరికం మొదలుపెట్టాడు. తన బృందంలో బ్యాంజోని బాబ్ కార్లిన్ చేతికిచ్చి తను ఎక్కువగా ఫిడేలు పట్టుకున్నది ఈ రోజుల్లోనే.

తనకి తట్టిన బాణీలన్నీ నోట్‌పుస్తకాల్లో రాసిపెట్టుకున్నాడు. అరవై ఎనిమిది పుస్తకాలు, రెండువేలకు పైగా బాణీలు. ఆయన పోయిన పదిహేడేళ్లకి, 2018లో, వాటిలోంచి 176 ఏరి అచ్చు వేశారు. మిగతావి అందులోకి రాలేదు. ఎవరి కోసం రాశాడు అన్ని? చావు ఎదురుగా ఉందని తెలిసిన మనిషి రోజుకో బాణీ రాసుకోవడం ఆశతోనో, కేవలం చేతులు ఊరుకోలేకనో నేను తేల్చుకోలేకపోయాను.

అంతలో అదృష్టం మళ్లీ ఆయనవైపు తిరిగింది. ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమాకి పాత పాటలు కావాల్సొచ్చి, సంగీత నిర్మాత టి-బోన్ బర్నెట్ కూడగట్టిన వాళ్లలో ఈయన కూడా ఉన్నాడు. 2000 మే 24న నాష్‌విల్ రైమన్ కచేరీ భవనంలో ఆ పాటలవాళ్లంతా కలిసి కచేరీ చేశారు. 1945లో ఎర్ల్ స్క్రగ్స్ బ్లూగ్రాస్ పితామహుడు బిల్ మన్రో పక్కన నిలబడి దేశాన్ని ఉలిక్కిపడేట్టు చేసిన వేదిక అది. రాల్ఫ్ స్టాన్లీ, ఎమ్మిలూ హారిస్, ఆలిసన్ క్రాస్, జిలియన్ వెల్చ్ అంతా ఉన్న ఆ రాత్రికి సూత్రధారి హార్ట్‌ఫర్డ్. ఆ కచేరీని సినిమాగా కూడా తీశారు. అందులో ఆయన్ని చూసినప్పుడల్లా నా కళ్లు మొహం మీదికి పోవు. బాగా చిక్కిపోయి ఉన్నాడు, చూడలేను. చేతుల్నే చూస్తాను. అవి ఇంకా బాగానే ఉన్నాయి. కమాను పట్టు తేలిగ్గా ఉంది, మణికట్టు నీళ్లలో తెడ్డులా తిరుగుతోంది.

ఇంకో పదకొండు నెలలే అవి అలా తిరుగుతాయని తెలిసి చూడటం చాలా కష్టం.

ఆ సినిమా పాటల రికార్డు లక్షల మీద లక్షలు అమ్ముడుపోయింది. పల్లె ఫిడేలు, పల్లె బ్యాంజో మళ్లీ నగరాల ఇళ్లలో మోగాయి. ముప్ఫయ్యేళ్లపాటు ఆయన ప్లైవుడ్ పలక మోసుకుని ఊరూరా తిరిగింది ఈ పూటకోసమే అనిపిస్తుంది. 2002 ఫిబ్రవరిలో అది ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. గెలిచినవాళ్ల పేర్లలో హార్ట్‌ఫర్డ్ పేరుంది. మనిషి పోయి అప్పటికి దాదాపు తొమ్మిది నెలలు.

ముందు చెప్పానే, టెక్సస్. రెప్పపాటు ఆలస్యమైనా మాల తెగుతుందన్నాను. అక్కడ వేళ్లు ఆలస్యం కావడం కాదు, అసలు తనవి కాకుండా పోయాయి. గొంతు ఉంది. చెవి ఉంది, బాణీలన్నీ బుర్రలో ఉన్నాయి, అరవై ఎనిమిది పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. వాటిని తీగ మీదికి దించే దారి ఒక్కటే లేదు. పర్యటన ఆపుకుని ఇంటికి వచ్చేశాడు.

వాయించడం ఆగిపోయాక ఆయన బతికింది దాదాపు రెండు నెలలే. 2001 జూన్ 4న నాష్‌విల్‌లో కన్నుమూశాడు. అరవై మూడేళ్లు.

ఆ చివరి వారాల్లో నేస్తాలు వాద్యాలు పట్టుకుని నది ఒడ్డున ఉన్న ఆ ఇంటికి వస్తూ ఉండేవాళ్లు. ఆయన చుట్టూ కూర్చుని, ఆయనకి ఇష్టమైనవి వాయించేవాళ్లు. ఫిడేలు ఒకరు, బ్యాంజో ఒకరు, గిటారు ఒకరు. ఒక్కడే చేసిన పనికి ఇప్పుడు అంతమంది. ఆయన చేతులు కదలకుండా పెట్టుకుని విన్నాడు.