పరమాణువు నుండి యోజనం వరకు: లలితవిస్తరంలోని ఒక మహాసంఖ్య

సామాన్యశకపు తొలి శతాబ్దాలలో రూపుదిద్దుకున్న లలితవిస్తరం, బుద్ధుని జీవితాన్ని సంస్కృతంలో చెప్పిన ప్రసిద్ధ గ్రంథం. అందులోని పన్నెండవ అధ్యాయంలో, శుద్ధోదనుడు తన కుమారునికి గోపను ఇమ్మని అడుగుతాడు. విద్యలెరుగని వానికి పిల్లనివ్వడం తమ ఇంటి ఆచారం కాదని ఆమె తండ్రి దండపాణి బదులిస్తాడు. రాజకుమారుడైనా సిద్ధార్థుడు పరీక్షకు నిలువవలసి వచ్చింది. గణితంలో అతనిని పరీక్షించినవాడు అర్జునుడనే గణకుడు.

మొదటి ప్రశ్న కోటికి పైనున్న సంఖ్యలను గురించి. నూరు కోట్లు అయుతం, నూరు అయుతాలు నియుతం, నూరు నియుతాలు కంకరం. ఇలా నూరేసి రెట్లుగా 23 పేర్లు చెప్పి సిద్ధార్థుడు తల్లక్షణం వద్దకు చేరుతాడు. అది ఒకటి పక్కన 53 సున్నలుగల సంఖ్య.

రెండవ ప్రశ్న మరింత ఆసక్తికరం: యోజనంలో పరమాణువులెన్ని? ఏడు పరమాణువులు ఒక రేణువు, ఏడు రేణువులు ఒక త్రుటి, ఏడు త్రుటులు కిటికీ వెలుగులో కనిపించే ధూళికణం. అక్కడి నుండి కుందేటి ధూళి, పొట్టేటి ధూళి, గోధూళి, ఈపి, ఆవగింజ, యవగింజ, అంగుళం వరకు ప్రతి మెట్టూ ఏడు రెట్లే. పది మెట్లలో ఏడును పదిసార్లు గుణిస్తే అంగుళానికి 28,24,75,249 పరమాణువులు. ఆపైన 12 అంగుళాలు జేన, రెండు జేనలు మూర, నాలుగు మూరలు ధనుస్సు, వేయి ధనుస్సులు క్రోశం, నాలుగు క్రోశాలు యోజనం. అంటే యోజనానికి 3,84,000 అంగుళాలు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది 1,08,47,049 కోట్ల 56 లక్షల 16 వేలు.

పదిహేను అంకెల ఈ సంఖ్యను విడదీస్తే పది ఏడులు, పది రెండులు, మూడు అయిదులు, ఒకే ఒక మూడు లభిస్తాయి. అయిదులు మూడే గనుక చివర సున్నలూ మూడే. అంకెల మొత్తం 51. అందుచేత ఇది మూడుతో భాగింపబడుతుంది, తొమ్మిదితో భాగింపబడదు. విలువలో ఇది పది కంకరాలకు కొంచెం పైన. యోజనమంతటినీ లెక్కించడానికి 23 పేర్లలో మూడవదే చాలింది.

ఈ ఘట్టాన్ని చూపి, ఆధునిక అణుశాస్త్రం మనవారికి ముందే తెలుసునని చెప్పుకోవడం తగదు. ఇక్కడి పరమాణువు ప్రయోగశాలలో కొలిచినది కాదు. భాగించుకుంటూ పోయిన ఆలోచన చేరిన చివరి మెట్టు. ఈ సంభాషణ సిద్ధార్థుని కాలంనాటి ప్రత్యక్ష సాక్ష్యమూ కాదు. గ్రంథకర్తలకు మహాసంఖ్యలపై ఎంత మక్కువ ఉన్నదో, క్రమబద్ధమైన గుణకారంపై ఎంత పట్టు ఉన్నదో మాత్రం ఇది నిస్సందేహంగా చూపుతుంది.

మనకు విలువైన విషయం మరొకటి ఉన్నది. ఈ కథలో పుట్టుక యోగ్యతకు ప్రమాణం కాలేదు, విద్యే ప్రమాణమయింది. అక్షరానికి తరతరాలుగా దూరంగా ఉంచబడిన ఇంటి బిడ్డ సైతం నేడు కాగితం, కలం తీసుకుని ఈ గుణకారాన్ని సరిచూడగలదు. ఎవరు లెక్కించినా ఫలితం ఒక్కటే. గ్రంథంలో ఉన్నదని నమ్మక, తానుగా పరీక్షించి అంగీకరించే ఈ అలవాటును మన పిల్లలకు అందించడం ధర్మమార్గంలో మన కర్తవ్యం.