బల్ల మీది గ్రీకు

డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ పిల్లలది ఒకటే గోల: "ఈ పేర్లు నోరు తిరగవు మేడమ్, ఎవరు పెట్టారివి?" గ్రీకు అనగానే తెలుగు మీడియం పిల్లలకు మరీ బెరుకు. నిజానికి ఆ పేర్లలో పాండిత్యం తక్కువ. పెట్టినవాడి బల్ల మీద ఆ రోజు ఏముందో, పేరులో చాలావరకు అదే ఉంటుంది.

1810లో శాస్త్రవేత్త వొలాస్టన్ పరీక్షించింది మూత్రాశయంలోంచి తీసిన రాయిని. మూత్రాశయం గ్రీకులో కిస్టిస్; సిస్టిన్ అక్కడిదే. 1846లో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చీజ్‌లోంచి (మన జున్ను కాదు) ఒక అమైనో ఆమ్లం తీశాడు. చీజ్‌ను గ్రీకులో టైరోస్ అంటారు, అది టైరోసిన్ అయింది.

పారిస్‌లో రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ చేతికి పిత్తాశయపు రాళ్లలో ఉండే మైనం లాంటి పదార్థం వచ్చింది. క్షారంతో ఉడికిస్తే కొవ్వులు సబ్బవుతాయి, ఇది కాలేదు. కొవ్వుల్లో కలపకూడదని తేల్చి, పిత్తానికి ఖోలె, గట్టిదానికి స్టెరియోస్, రెండూ అతికించి కొలెస్టరిన్ అన్నాడు. ఆల్కహాల్ జాతిదని తర్వాత తెలిశాక కొలెస్టరాల్ అయింది. రక్తపరీక్ష కాగితంలో ఆ మాట చూసి గుండె పట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఆ రాళ్లే గుర్తొస్తాయి. అన్నట్టు, షెవ్రోల్ 102 ఏళ్లు బతికాడు.

బల్ల వదిలి ఊహలోకి వెళ్లిన పేరు ప్రొటీన్. డచ్చి రసాయన శాస్త్రవేత్త ముల్డర్ గుడ్డు తెల్లసొననూ, రక్తంలోని ఫైబ్రిన్‌నూ విశ్లేషిస్తే కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ పాళ్లు ఒకేలా కనిపించాయి. అన్నిటికీ మూలపదార్థం ఒకటేననీ, గంధకం, భాస్వరం మాత్రమే మారుతున్నాయనీ అనుకున్నాడు. 1838 జులైలో స్వీడన్ నుంచి బెర్జీలియస్ ఉత్తరం రాసి పేరు సూచించాడు: మొదటి స్థానంలో ఉన్నది అనే అర్థంలో ప్రొటీన్. మొదట మెచ్చిన లీబిగే తర్వాత ముల్డర్ మీద విరుచుకుపడ్డాడు. సిద్ధాంతం కూలింది, పేరు మిగిలింది.

ముల్డర్‌లా కాదు, హైడెల్‌బర్గ్‌లోని శాస్త్రవేత్త కూనే జాగ్రత్తపరుడు. పులియడం బతికున్న ఈస్ట్ పని అని పాశ్చర్, వట్టి రసాయన చర్య అని లీబిగ్ వాదించుకున్న కాలమది. కూనే ఏ పక్షానికీ ఒరగకుండా 1870ల్లో ఎంజైమ్ అన్నాడు. గ్రీకులో దానికి ఈస్ట్‌లో ఉన్నది అని అర్థం, అంతే. 1897లో బుఖ్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి, పిండి తీసిన రసంతోనే చక్కెరను పులియబెట్టాడు. అందులో బతికున్న కణం లేదు. నా లెక్కలో వీటన్నిటిలోకీ నిజాయితీ గల పేరు ఎంజైమే.

ఈ గ్రీకు పేర్లలో మనవాడిదీ ఒక కథ ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. ఆ మందుతో పిల్లల ల్యుకేమియాకు తాత్కాలికంగానైనా ఉపశమనం దొరికిందని 1948లో డాక్టర్ ఫార్బర్ ప్రకటించాడు. అమినోప్టెరిన్‌లోని టెరిన్ గ్రీకు టెరాన్ నుంచి వచ్చింది; టెరాన్ అంటే రెక్క. టెరిన్ జాతి పదార్థాలు మొదట దొరికింది సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త, మురుగునీటిని శుద్ధి చేసే వడపోత పడకల్లో పెరిగే ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టాడు: సుబ్బారోమైసిస్. వెనక భాగం గ్రీకు, ముందు భాగం మనది.