పాషాణం చేసిన పని

రక్త కాన్సర్ మందుల చరిత్ర అనగానే మనవాళ్ళకి యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. రావలసిందే. అయితే ఆయన పనిలోంచి వచ్చిన మందులు నిలబడింది ప్రధానంగా లింఫోబ్లాస్టిక్ రకంలో. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా కథ వేరు. అందులోనూ ప్రోమైలోసైటిక్ అనే ఉపరకం కథ నాకు ఎన్నిసార్లు చదివినా వింతగానే ఉంటుంది. లోపల్లోపలే రక్తస్రావమై రోజుల్లో మనిషిని తీసుకుపోగల జబ్బు అది. దాన్ని లొంగదీసిన మందుల్లో ఒకటి పాషాణం. అవును, ఆర్సెనిక్.

1970ల మొదట్లో, ఈశాన్య చైనాలోని హార్బిన్. పల్లెల్లో కాన్సర్‌కి వాడుతున్న ఒక నాటుమందు అక్కడి డాక్టర్ల చేతికొచ్చింది. పాషాణం, ఒక పాదరస లవణం, గోదురుకప్ప విషం కలిపిన మందు. దాన్ని ఇంజెక్షన్‌గా మార్చి ఇస్తే కొందరు కోలుకున్నారు.

ఇక్కడితో ఆగిపోయుంటే ఇదొక వాట్సాప్ ఫార్వర్డ్ అయ్యేది, పూర్వీకులకి అన్నీ తెలుసు అంటూ. జాంగ్ టింగ్‌డాంగ్ బృందం ఆగలేదు. పనిచేస్తున్నదేదో, ఊరికే ఉన్నదేదో విడదీసి చూశారు. పాదరసం పోయింది, కప్ప విషం పోయింది, పాషాణం మిగిలింది. ఏ రకం లుకేమియా మీద బాగా పనిచేస్తుందో కూడా తేలింది. పాషాణాన్ని మందుగా తాగించడం యూరప్‌కీ కొత్త కాదు, థామస్ ఫౌలర్ ద్రావణం 1786 నాటిది. కొత్తదల్లా ఈ తీసివేతే. మా ఆఫీసులో దీన్ని డీబగ్గింగ్ అంటాం, కాకపోతే అక్కడ ప్రాణాలు పోవు.

ఇంకోపక్క షాంఘైలో వాంగ్ జెన్‌యీ, విటమిన్ ఎ సంతతికి చెందిన ఆట్రా ఇచ్చి చూశాడు. 1988 నాటి పత్రంలో 24 మందిలో 23 మందికి ఆ ఒక్క మందుతోనే జబ్బు అణిగింది. కారణం తర్వాత తెలిసింది. 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల ఒక అతుకుల ప్రోటీన్ పుట్టి, కణాల్ని ఎదగనివ్వదు. దాని ఒక కొసని ఆట్రా, రెండో కొసని పాషాణం పట్టుకుంటాయి. ముప్పు మరీ ఎక్కువ లేని రోగులకి కీమో మానేసి ఈ రెండే ఇచ్చిన ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. రెండేళ్ళకి మందు విఫలం కాకుండా, జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్ళు 97 శాతం. ఆట్రా, కీమో కలిపి ఇచ్చినవాళ్ళలో 86.

మనకి దగ్గరి అధ్యాయం మాత్రం వెల్లూరుది, చిత్తూరు దాటితే వచ్చే ఊరే. ఆట్రా, కీమోల ఖర్చు అక్కడికొచ్చే చాలామందికి అందనిది. అందుకని 1998 నుంచి సీఎంసీ డాక్టర్లు కొత్త రోగులకి పాషాణం ఒక్కటే ఇచ్చి చూశారు. 2006లో లెక్క ప్రచురించారు: 72 మందిలో 86 శాతానికి జబ్బు పూర్తిగా అణిగింది.