దుంగ మీద ముద్ర నుంచి బిల్లు మీద నంబరు దాకా

పోయినేడు మా సుబాబుల్ కర్ర దళారికి తోలి చీటీలన్నీ పారేశాను. అది ఏ పొలంలో పెరిగిందో ఇప్పుడు నేనే రుజువు చేయలేను. అందుకే ఈ చరిత్ర.

దుంగ ఎక్కడిదో తెలియాలని ఫారెస్టు వాళ్లు సుత్తితో ముద్ర కొట్టడం బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. రంపం కిందికెళ్తే ఆ ముద్ర పోతుంది. గుజ్జయ్యే కర్రకైతే ముద్ర నిలిచే చోటే లేదు.

1992 రియో సదస్సులో అడవుల మీద గట్టి ఒప్పందం కుదరలేదు. మరుసటేడు టొరంటోలో 26 దేశాల నుంచి 130 మంది కూడి ఎఫ్‌ఎస్‌సీ పెట్టారు. వాళ్ల పద్ధతిలో కర్ర వెంట లెక్క నడుస్తుంది. తోట, మిల్లు, ప్రెస్సు... సరుకు చేతులు మారిన ప్రతి చోటా సర్టిఫికెట్ ఉండాలి, బిల్లు మీద దాని నంబరు ఉండాలి. వచ్చిన కర్రకూ పోయిన సరుకుకూ లెక్క తేలాలి. మధ్యలో ఒక్కరికి లేకపోయినా గొలుసు తెగినట్టే. ఎంత పద్ధతిగా పెంచినా అక్కడి నుంచి అది మామూలు కర్రే.

రెండెకరాల రైతు ఒక్కడే తనిఖీ ఖర్చు మోయలేడు. అందుకే గ్రూపుగా తీసుకునే వీలు పెట్టారు. చేరినా చేరకున్నా సర్వే నంబరు, నరికిన తేదీ, వేబ్రిడ్జి చీటీ దాచుకోండి. గొలుసులో మొదటి కడియం మన పొలమే.