సియాహీ నిలవాలంటే

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఈమధ్య స్కెచింగ్ షౌక్ పట్టుకుంది. మొన్న స్టేషనరీ దుకాణంలో నిలబడి, "అబ్బూ, ఏది కొనాలి?" అంది. ఎదురుగా పెన్సిళ్ళు, జెల్ పెన్నులు, సన్నమొన ఫైన్‌లైనర్లు, రంగురంగుల మార్కర్ల డబ్బాలు. నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. ఈ సవాల్ కొత్తదేమీ కాదు, వెయ్యేళ్ళ కిందటిదే.

మనం తెలుగులో కలం అంటున్నది అరబీ మాట. దాని మూలం గ్రీకు 'కలమోస్', అంటే రెల్లు. ఖుర్ఆన్‌లో 68వ సూరా పేరే అల్-ఖలమ్. కలానికి అంత ఇజ్జత్ ఉన్న తహజీబ్‌లో దాన్ని ఎంచుకోవడం కూడా ఓ హునరే అయింది.

పదో శతాబ్దంలో బగ్దాద్ వజీర్ ఇబ్న్ ముఖ్లా ఖత్‌కు ఓ హిసాబ్ పెట్టాడు. కలం మొనను కాగితానికి ఆనిస్తే పడే చతురస్రపు చుక్క, నుఖ్తా, అదే కొలబద్ద. అలిఫ్ ఎత్తు ఎన్ని నుఖ్తాలో, మిగతా అక్షరాల వంపు ఎంతో దాన్నిబట్టే. అంటే మొన వెడల్పు మారితే అక్షరం మొత్తం మారుతుంది. రాజకీయాల్లో ఓడి కుడిచెయ్యి పోగొట్టుకున్న ఆయన 940లో ఖైదులోనే చనిపోయాడు. ఆయన కొలత మాత్రం ఇవాళ్టికీ నడుస్తోంది.

మా మామూజాన్ ఓ ఉర్దూ పత్రికలో కాతిబ్. ఆయన రేకుపెట్టెలో బరూ కలాలు వెడల్పు వారీగా పేర్చి ఉండేవి. సుర్ఖీకి ఒకటి, వార్తకు ఒకటి. చాకుతో మొన చెక్కి, మధ్యలో చీలిక పెట్టి, చివర్లో ఏటవాలుగా ఒక్క వేటుతో కోసేవారు. దాన్నే 'ఖత్' వెయ్యడం అంటారు. దవాత్‌లో సియాహీతో పాటు సూఫ్, అంటే గుడ్డపీలిక, ఉండేది. కలం ఎంత ముంచినా అవసరమైనంతే తాగేది, చుక్క రాలేది కాదు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకే మామూజాన్ కుర్చీలో కంప్యూటర్ కూర్చుంది.

రెల్లు కలం రాతకే కాదు, బొమ్మకూ పనికొస్తుంది. వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్ళో ఉన్నప్పుడు అక్కడి రెల్లు కోసి, చెక్కి, పొలాలూ చెట్లూ గీశాడు. చుక్కలు, పొట్టి గీతలు, మందపు గీతలు, అన్నీ ఆ మొన చలవే. కానీ ఆయన వాడిన సియాహీలు నిలవలేదు. అప్పట్లో ముదురుగా ఉన్న ఎన్నో గీతలు ఇవాళ గోధుమ రంగుకు తిరిగాయి.

మన శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. పేరు ఫార్సీది, పనిముట్లు మన పెరటివి. ముందు కాల్చిన చింతపుల్లల బొగ్గుతో బట్టమీద స్కెచ్ వేస్తారు. తర్వాత వెదురు కలం. మొనకు కాస్త పైన ఉన్నిచుట్టి దారంతో కడతారు, రంగు పట్టి ఉంచేది అదే. నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లంనీళ్ళలో పులియబెడతారు. కరక్కాయ రసం, పాలు పట్టించిన బట్టమీద ఆ నీళ్ళు తగిలితే కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నల్లబడుతుంది. యూరప్‌లో శతాబ్దాల పాటు మాచికాయ, ఇనుము కలిపి చేసుకున్న సిరా వెనక ఉన్నదీ ఇదే రసాయనం.

కాతిబ్‌ల పాత సియాహీ వేరు. దీపం మసి, తుమ్మబంక. మసి అంటే కార్బన్, దాన్ని ఎండ ఏమీ చెయ్యలేదు. మామూలు స్కెచ్‌పెన్నులు, చాలా మార్కర్లలో ఉండేది డై. ఎండకు, కాలానికి వెలిసిపోతుంది. ఫైన్‌లైనర్లలో పిగ్మెంట్ సిరా ఉన్నవి నిలుస్తాయి. జపాన్ కంపెనీ సకురా 1982లో తెచ్చిన పిగ్మా సిరా ఆ రకమే.

ఈ ఫరఖ్ నాకు పుస్తకం చెప్పలేదు, మా ఇంటిగోడ చెప్పింది. డిగ్రీ రోజుల్లో మామూజాన్ రాస్తుంటే ఆయన చేతిని స్కెచ్‌పెన్‌తో గీశాను. ఆయన ఇంతెఖాల్ తర్వాత ఆ బొమ్మనీ, ఆయన రాసిన బిస్మిల్లానీ పక్కపక్కనే ఫ్రేము కట్టించాం. ఇరవయ్యేళ్ళు కిటికీ ఎండ రెండిటి మీదా సమానంగానే పడింది. బిస్మిల్లా నిన్న రాసినట్టుంది. నేను గీసిన చెయ్యి మాత్రం మాయమైంది. మణికట్టు దగ్గర రెండు గీతలు మిగిలాయి, అంతే.

మా అమ్మాయిని ఆ గోడ ముందు నిలబెట్టి చూపించాను. కాసేపు చూసి, "మరి మార్కర్లు వద్దా?" అంది. సాధన చెయ్యడానికి, రంగుల సరదాకి మార్కర్లు కొనుక్కోవచ్చు. దాచుకోవాలనుకున్న బొమ్మకు మాత్రం ముందు సియాహీ చూడాలి, తర్వాత మొన, ఆ తర్వాత కాగితం. ధర ఆఖరున.

మళ్ళీ దుకాణానికి వెళ్ళి ఒక హెచ్‌బీ పెన్సిల్, ఒక 4బీ, పిగ్మెంట్ సిరా ఫైన్‌లైనర్ ఒకటి, మందపాటి కాగితాల పుస్తకం కొన్నాం. ఇంటికొచ్చాక మామూజాన్ రేకుపెట్టె దాని చేతికిచ్చాను. ఖత్ వెయ్యడం నేర్పమంటోంది. ఆయన ఉన్నప్పుడు నేను నేర్చుకోలేదు. ఈ ఆదివారం ఇన్షా అల్లాహ్ ఇద్దరం కలిసి మొదలుపెడతాం.